గుండు నుంచి బారు దాకా: బరువెత్తేవారి కాళ్ళ చరిత్ర

ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న విడివడి జిల్లాకేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో ఇప్పుడు వ్యాయామశాలలకు కొదవ లేదు. పోలీసు, సైనిక నియామకాలకు సిద్ధమయ్యే యువకులు తెల్లవారకముందే అక్కడికి చేరుకుంటున్నారు. ఇది సంతోషించదగిన మార్పు. అయితే ఆ యువకులలో కొందరి కాళ్ళ ముందుభాగాన, మోకాలి కింద నుంచి చీలమండ మీది దాకా, నిలువుగా గీరుకుపోయిన చారలు కనిపిస్తాయి. కొందరికి మోకాలి చిప్ప చుట్టూ కమిలిన మచ్చలుంటాయి. అడిగితే, కొంత గర్వంగానే, “డెడ్‌లిఫ్ట్ సార్, బరువు పెరిగితే ఇట్లనే అయితది” అంటారు.

అట్లా కానవసరం లేదు. ఎందుకు కానవసరం లేదో తెలియాలంటే మనిషి నేలమీది బరువును ఏయే రూపాలలో ఎత్తుతూ వచ్చాడో కొంత తెలుసుకోవాలి. కాళ్ళు గీరుకుపోవడం బరువులెత్తే విద్యతో పుట్టిన బాధ కాదు. అది ఇనుప బారుతో వచ్చింది. ఆ బాధకు భయపడి మనవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం అంతకంటె పెద్ద ప్రమాదాన్ని తెచ్చిపెడుతున్నది కనుకనే ఈ వ్యాసం.

ముందుగా డెడ్‌లిఫ్ట్ అంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుకుందాం. నేలమీది బరువును వంగి రెండు చేతులతో పట్టుకొని, మోకాళ్ళూ నడుమూ నిటారయ్యే వరకు లేచి నిలబడడమే డెడ్‌లిఫ్ట్. ‘డెడ్’ అనే మాటకు ఇక్కడ చావుతో సంబంధం లేదు. ఊపు లేకుండా, కదలిక లేకుండా నేలమీద పడివున్న బరువు అని అర్థం. బరువును తల మీదికి ఎత్తే ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కూడా తొలి సగం ఇదే పని.

మన పల్లెలలో ఈ పని కొత్తది కాదు. ఊరి గరిడీలలో, తాలింఖానాలలో దండీలు, బస్కీలతో పాటు గుండు ఎత్తడం ఒక పరీక్షగా ఉండేది. ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో పట్టుకోవడానికి వీలుగా మలచిన రాళ్ళను సంగిడీలు అంటారు. సంక్రాంతి నాడు సంగిడీల పోటీలు అక్కడ ఈనాటికీ జరుగుతున్నాయి. గుండు ఎత్తేవాడిని గమనించండి. గుండు అతని రెండు పాదాల నడుమ ఉంటుంది, పాదాల ముందు కాదు. వంగి, దానిని రెండు చేతులతో పొదివి, ముందు తొడల మీదికి తెచ్చుకొని, అక్కడి నుంచి గుండెకు ఆనించి లేస్తాడు. రాయి ముంజేతులను గీరుతుందేమో కాని, కాలి ముందరి ఎముక జోలికి రాదు.

హమాలీ పద్ధతి కూడా అంతే. మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం మార్కెట్‌లోనో, జనగామ మార్కెట్ యార్డులోనో బస్తా లేపే హమాలీని పది నిమిషాలు చూస్తే, బలశాస్త్ర గ్రంథాలు అరవై పేజీలలో చెప్పే సంగతి తెలిసిపోతుంది. బస్తా రెండు చెవులను పట్టి, దానిని కడుపుకీ తొడలకీ అతుక్కునేటట్టు లాక్కున్న తర్వాతే అతడు లేస్తాడు. ఇప్పుడు ధాన్యం కొనుగోలు కేంద్రాలలో 40 కిలోల బస్తాలు నడుస్తున్నాయి కాని, నేను ఉద్యోగంలో చేరిన రోజులలో క్వింటాలు బస్తాలే ఎక్కువ. అంత బరువును ఒంటికి జానెడు దూరంలో పట్టి లేపే హమాలీ ఎవడూ ఉండడు. ఉంటే వారం రోజులలో మంచానపడతాడు. గోనెసంచి మెత్తనిది కనుక ఎంత దగ్గరగా లాక్కున్నా కాలికి గాయం కాదు.

ఇనుప బారు అట్లా కాదు. అది గట్టిది, నిటారైనది, పాదాల నడుమకు రాలేనిది. రెండు వైపులా చక్రాలు ఉండడం చేత అది ఎప్పుడూ కాళ్ళకు ముందే ఉంటుంది. పైగా చేతి పట్టు జారకుండా దానిమీద ఆకురాయిలాంటి గరుకు గీతలు చెక్కి ఉంటాయి. మనిషి కాలిలో అన్నిటికంటె రక్షణ తక్కువైన భాగం, బారులో అన్నిటికంటె గరుకైన భాగం ఎదురెదురుగా నిలిచాయన్నమాట. కాలి ముందుభాగాన వేలితో తడిమి చూసుకోండి: అంతర్జంఘిక ఎముక అంచు చర్మం కిందనే తగులుతుంది. నడుమ కండ లేదు, కొవ్వు కూడా నామమాత్రమే. ఎముకను కప్పి ఉండే పొరలో నొప్పిని తెలిపే నాడులు మాత్రం దండిగా ఉన్నాయి. అందుకే అక్కడ చిన్న దెబ్బకే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. రక్తప్రసారం తక్కువ కనుక గాయం కూడా నిదానంగా మానుతుంది.

పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా బలశాలుల చేతులలో ఉన్న బారులకు చక్రాలు లేవు. రెండు కొసలా బోలు గుండ్లు ఉండేవి. వాటిలో ఇసుకో, సీసపు గుళ్ళో నింపి బరువు మార్చేవారు. తర్వాత పళ్ళేలవంటి చక్రాలు వచ్చాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికి జర్మనీకి చెందిన బెర్గ్ సంస్థ తయారుచేసిన, కొసలు వాటంతట అవే తిరిగే బారు వాడుకలోకి వచ్చింది. ఇప్పటి పోటీ చక్రం వ్యాసం 450 మిల్లీమీటర్లు. అంటే బారు నడిమధ్య నేలకు 225 మిల్లీమీటర్ల ఎత్తున, అనగా సుమారు తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంటుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఈ బారుతో పాటు ఒక వింత నియమం కూడా ఉండేది. 1960ల నడుమ వరకు అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలలో ఎత్తే క్రమంలో బారు కాళ్ళను తాకరాదు. తాకితే ఆ ప్రయత్నం చెల్లదు. తొడ మీద ఆన్చుకొని ఎత్తడం నిజమైన బలం కాదన్న భావన దాని వెనుక ఉంది. భావన న్యాయంగానే కనిపిస్తుంది. శరీరధర్మం దృష్టిలో మాత్రం అది నడుముకు విధించిన జరిమానా. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. వెన్నుపూసల వెనుక ఉన్న కండరాలు నడుమును నిటారుగా నిలపడానికి పనిచేసే చోటు, వెన్నుపూస నడిమధ్యకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మీరు ఎత్తే 100 కిలోల బారు మరో 5 సెంటీమీటర్లు ముందుకు జరిగిందనుకోండి. దానిని నిలపడానికి ఆ కండరాలు దాదాపు మరో 100 కిలోల బరువుకు సమానమైన బలంతో అదనంగా లాగాలి. ఆ బలమంతా డిస్కుల మీద పడుతుంది. బారు మీద ఒక్క కిలో చేర్చకుండానే నడుముకు క్వింటాలు చేర్చినట్టు. పాత రోజుల క్వింటాలు బస్తా హమాలీకి ఈ లెక్క తెలియకపోయినా సంగతి తెలుసు.

మన తెలుగునాట వెయిట్‌లిఫ్టింగ్‌కు గౌరవం తెచ్చిన తొలితరం వారు ఈ తాకరాని నియమం కిందనే బరువులెత్తారు. వారిలో దండమూడి రాజగోపాలరావు గారిని పాఠకులు మరో విధంగా ఎరుగుదురు: 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రంలో భీముడు ఆయనే. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. వెండితెర మీద భీముడి దేహాన్ని మెచ్చుకున్న మనం, ఆ దేహం ఎంతటి కఠినమైన కట్టుబాటు కింద తయారైందో ఆలోచించలేదు. బారును ఒంటికి దగ్గరగా ఉంచాలి, కాని తాకనీయరాదు. వెంట్రుకవాసి తేడాతో వేయి సార్లు సాధన చేయాలి. అది గొప్ప నైపుణ్యమే, సందేహం లేదు.

1960ల నడుమ ఆ నియమాన్ని సడలించి, బారు తొడలను రాసుకుంటూ పోవచ్చునని అనుమతించారు. ఆ తర్వాత ఎత్తే పద్ధతే మారిపోయింది. బారును ఒంటికి దగ్గరగా, పాదం నడిమధ్యకు సరిగ్గా పైన నిలువుగా తీసుకుపోవడం శిక్షణలో మొదటి పాఠమైంది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ పోటీ దృశ్యం దొరికితే ఒకసారి నెమ్మదిగా నడిపించి, ముఖాన్ని కాక మోకాళ్ళను చూడండి. బారు నేల వదిలిన క్షణం నుంచి మోకాళ్ళు వెనక్కి జరుగుతూ దానికి దారి ఇస్తాయి. బారు వాటిని చుట్టి వెళ్ళదు. మన వ్యాయామశాలలలో కాళ్ళు గీరుకుపోయే యువకులకు తెలియనిది ఈ ఒక్క సంగతే.

వారిలో ఎక్కువమంది చేసేది ఏమిటంటే, నిటారుగా నిలుచున్నప్పుడే బారును కాలికి ఆనించి పెట్టుకుంటారు. వంగగానే మోకాళ్ళు ముందుకు వస్తాయి, వాటితో పాటు కాలి ముందుభాగమూ వాలుతుంది. ఇక బారు పైకి రావాలంటే ఆ వాలు ఎముక మీదుగా గీరుకుంటూ రావాలి, లేదా దానిని చుట్టి ముందుకు పోవాలి. ముందుకు పోయిన బారు సగం ఎత్తుకు వచ్చాక లోలకంలా వెనక్కి ఊగి మోకాలి చిప్పకు తగులుతుంది. ఒకే తప్పుకు రెండు గాయాలు. నిలుచున్నప్పుడు బారుకూ కాలికీ నడుమ సుమారు అంగుళం సందు ఉండి, పైనుంచి చూస్తే బారు పాదం నడిమధ్యను, అనగా బూటు లేసుల ముడి ఉండే చోటును దాటుతూ కనిపించాలి. చేతులు బారును పట్టిన తరువాతే మోకాళ్ళు వంచి కాలిని బారుకు తాకించాలి. బారును కాలి దగ్గరకు దొర్లించరాదు. అక్కడి నుంచి రొమ్ము లేపి, నడుము బిగించి, భుజాలు బారుకు కొద్దిగా ముందుండేటట్టు చూసుకొని, పాదాలతో నేలను కిందికి నెట్టుతున్నట్టుగా లేస్తే మోకాళ్ళు తమంతట తామే వెనక్కి పోతాయి.

దించేటప్పటి తప్పు దీనికి తలకిందులు. బరువు దించాలనే తొందరలో ముందు మోకాళ్ళు వంచుతారు. బారు సరాసరి వచ్చి మోకాలి చిప్ప మీద కూర్చుంటుంది. చిప్పకూ చర్మానికీ నడుమ ఉండే పలుచని తిత్తి ఇట్లా పదే పదే దెబ్బతింటే నీరు పట్టి ఉబ్బుతుంది. ఒక్కోసారి దానిలో చీము కూడా చేరుతుంది. ముందు పిరుదులను వెనక్కి జరిపి నడుము దగ్గర వంగుతూ, బారు మోకాళ్ళు దాటి కిందికి వచ్చాకనే మోకాళ్ళు వంచాలి. తొడ ఎముక పొడవైన వారికి ఇది మరింత అవసరం. వారి దేహనిర్మాణం పొట్టి తొడల వారిలాగా ఉండదు కనుక, వీడియోలో చూసిన వేరొకరి భంగిమను యథాతథంగా అనుకరించడం వారికి పనికిరాదు.

ఇక ఆ 225 మిల్లీమీటర్ల సంగతి. పోటీ బారు ఎత్తు నిర్ణయమైంది పెద్ద చక్రాలతో. చిన్న పట్టణాల వ్యాయామశాలలలో ఉండేవి చాలావరకు చిన్న ఇనుప పళ్ళేలు. కొత్తగా నేర్చుకునేవాడు తక్కువ బరువుతో మొదలుపెడతాడు. తక్కువ బరువు పళ్ళెం చిన్నది. చిన్న పళ్ళెంతో బారు నేలకు దగ్గరగా దిగిపోతుంది. దానిని అందుకోవడానికి అతడు మోకాళ్ళను మరింత ముందుకు నెట్టి, నడుమును మరింత గూనిగా వంచాలి. విద్య రానివాడికే అన్నిటికంటె కష్టమైన భంగిమ దక్కుతున్నది! ఇందులో యువకుడి తప్పు లేదు. బారు రెండు కొసల కింద చెక్క దిమ్మెలో, బోర్లా వేసిన పళ్ళేలో కదలకుండా పేర్చి దానిని తొమ్మిది అంగుళాల ఎత్తుకు తెస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. ఖర్చు దాదాపు లేదు. వ్యాయామశాల నడిపేవారు గోడలకు అద్దాలు తగిలించే ముందు ఈ పని చేస్తే బాగుంటుంది.

డెడ్‌లిఫ్ట్‌ను పోటీ అంశంగా నడిపే పవర్‌లిఫ్టింగ్ వారు కాలి చర్మం సంగతిని నియమాలలోనే చేర్చారు. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమాల ప్రకారం డెడ్‌లిఫ్ట్ చేసేవారు కాలి ముందుభాగాన్ని కప్పే పొడుగు మేజోళ్ళు తొడుక్కోవలసిందే. నూనె, జిడ్డు వంటివి ఒంటికి పూయడం నిషిద్ధం. బారును తొడల మీద నిలిపి ఆధారం చేసుకుంటే ఎత్తు చెల్లదు. పాత తాకరాని నియమంలో న్యాయమైన భాగం ఇక్కడ ఈ రూపంలో మిగిలింది. మేజోళ్ళు తప్పుడు పద్ధతికి మందు కావు. అవి గీరుకోవడాన్ని తగ్గిస్తాయి, బారుకు రక్తం అంటకుండా కాపాడుతాయి, అంతవరకే.

రక్తం అంటడం చిన్న విషయం కాదు. ఒకే బారును ఉదయం నుంచి రాత్రి దాకా పదుల మంది పట్టుకుంటారు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో, ఒంటి బయట, కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు. గీరుకుపోయిన ఒకరి కాలి నుంచి గరుకు గీతలలో చేరిన రక్తం, అరచేతులు పగిలిన మరొకరికి అందే అవకాశం ఉన్నది. ఈ వ్యాధికి టీకా ఉంది. చిన్నతనంలో వేయించుకోని వారు ఇప్పుడు వేయించుకోవచ్చు. రక్తం కనిపించిన బారును చేతితొడుగులు వేసుకొని, క్రిమిసంహారక ద్రావణంతో తుడిచి, తరువాత పొడిగుడ్డతో ఆరబెట్టాలి.

భూపాలపల్లి పాఠకులకు ఒక మాట. సింగరేణి గనులలో తట్టా చెమ్మాస్‌తో టబ్బులు నింపిన పాతతరం కార్మికుల కాళ్ళ మీద నీలి గీతలు మీరు చూసే ఉంటారు. గీరుకుపోయిన చర్మంలోకి బొగ్గు నలుసులు చేరి, గాయం మానాక పచ్చబొట్టులా నిలిచిపోయిన గుర్తులవి. వారికి వేరే దారి లేకపోయింది. గాయాన్ని వెంటనే కడగకపోతే ఏం జరుగుతుందో ఆ గీతలు చూపుతాయి. ఆ పెద్దల మనుమలు వ్యాయామశాలలో కాలు గీరుకొని, మట్టితో, చెమటతో ఉన్న గాయం మీద ప్యాంటు లాగుకొని ఇంటికి పోవడం చూస్తే కష్టంగా ఉంటుంది.

కాలి పుండు ఎంత దూరం పోగలదో చెప్పడానికి మన బలశాలుల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాధన చేసి, సర్కస్ సంస్థ స్థాపించి, గొలుసులు తెంచి, కార్లను ఆపి, రొమ్ము మీద ఏనుగును నిలిపించుకొని ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారికి చివరి దశలో కాలిమీద రాచపుండు లేచింది. ఏ వైద్యానికీ లొంగలేదు. కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు లేకుండానే ఆ శస్త్రచికిత్స చేయించుకున్నారని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. 1942లో ఆయన మరణించేనాటికి పెన్సిలిన్ మన సామాన్య రోగులకు అందుబాటులోకి రాలేదు. ఏనుగు బరువుకు చెక్కుచెదరని దేహాన్ని ఒక పుండు లొంగదీసింది. ఆయన పుండు బరువులెత్తడం వల్ల వచ్చిందని నేను అనడం లేదు. ఎంతటి కండబలమైనా కాలి చర్మంలోకి చేరిన సూక్ష్మజీవులను ఆపలేదని మాత్రం అంటున్నాను.

నేను ఆసుపత్రి విధులలో ఉన్న చివరి సంవత్సరాలలో, జ్వరంతో, మోకాలి దాకా ఎర్రగా వాచిన కాలుతో ఒక పాతికేళ్ళ యువకుడు వచ్చాడు. పది రోజుల కిందటి బారు గీత. దాని మీద పసుపు, ఆ పైన ఏదో ఆకుపసరు. రక్తపరీక్షలో చక్కెర 300 దాటింది; తనకు మధుమేహం ఉందని అతడికి అప్పటిదాకా తెలియదు. అతడి కాలు దక్కింది, కాని సూది మందులతో తొమ్మిది రోజులు మంచం మీద ఉన్నాడు. నలభై దాటాక వ్యాయామశాల మొదలుపెట్టేవారు ముందుగా చక్కెర పరీక్ష చేయించుకోవాలని నేను పట్టుబట్టడానికి ఇటువంటి కేసులే కారణం.

గీరుకున్న వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో ఐదు నిమిషాలు కడిగి, శుభ్రమైన గాజు గుడ్డ కట్టాలి. పసుపు, సున్నం, కాఫీపొడి వద్దు. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఆ సూక్ష్మజీవి బీజాలు ఉండేది మట్టిలో, పేడలో. తళతళలాడే కొత్త బారు మీద మట్టి ఉన్నా ప్రమాదం అంతే. చివరి టీకా వేయించుకొని పదేళ్ళు దాటితే, గాయం మట్టితో మలినమై ఉంటే ఐదేళ్ళు దాటినా, మరొక మోతాదు వేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం. ఎరుపు పైకి పాకుతున్నా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా ఆ రోజే వైద్యుడికి చూపించండి. గాయం పూర్తిగా మానేదాకా ఆ కాలితో డెడ్‌లిఫ్ట్ మాని, ఖాళీ బారునైనా కాక ఒక వెదురు కర్రను పట్టుకొని, అద్దానికి పక్కగా నిలబడి, మోకాళ్ళు వెనక్కి జరగడం ఒక్కటే సాధన చేయండి.